గోడ పలకరింపు

మా ఆవిడ సోషియాలజిస్టు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "ఓహో, సమాజసేవా?" అంటారు. కాదండీ, సేవ కాదు, శాస్త్రం అని మొదట్లో వివరించేవాణ్ణి. పోనుపోనూ ఓపిక నశించి, అవునని తలూపేస్తున్నాను. నేను కట్టుడు పళ్లు తయారు చేసేవాణ్ణి. నా పని సంగతి అడిగి తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాదు. పళ్లు కుదిరితే మనిషి నములుతాడు. కుదరకపోతే మర్నాడే వచ్చి నన్ను తిడతాడు, నేను కాస్త అరగదీసి ఇస్తాను. మా ఆవిడ పనిలో ఆ సౌకర్యం లేదు. ఆవిడ రాసింది ఎవరికి కుదిరిందో, ఎవరి చిగుళ్లు ఒరుసుకుపోయాయో బయటపడడానికి ఏళ్లు పడుతుంది. బయటపడ్డాక కూడా అరగదీయడానికి అది చేతికి దొరకదు.

ఆవిడకు పేరు తెచ్చిపెట్టింది ఒక గోడ. ఒకటని కూడా చెప్పలేం, ఒక అంతస్తు పొడుగునా ఉన్న గోడలన్నీ. పాత మిల్లు క్వార్టర్స్‌లో పొడుగాటి వరండా, దాని వెంట వరుసగా ఒంటిగది ఇళ్లు. మధ్య గోడలు ఎంత పల్చనంటే అవతల ఆవలిస్తే ఇవతలివాళ్లకు నిద్రొస్తుంది. మిల్లు నడిచే రోజుల్లో పొద్దుటి షిఫ్టుకు ఒకరినొకరు లేపుకోవడానికి గోడ తట్టడం మొదలుపెట్టారట. మిల్లు మూతపడింది, పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయారు, తట్టడం మాత్రం మిగిలింది. పొద్దున్నే మొదటి గదిలో ఉండే క్రేన్ తాత తన గోడ మీద రెండు దెబ్బలు వేస్తాడు. మిల్లులో క్రేన్ నడిపేవాడు కాబట్టి ఆ పేరు. పక్కగదివాళ్లు ఒక దెబ్బతో బదులిచ్చి, అవతలి గోడ మీద రెండు వేస్తారు. అలా వరండా చివరిదాకా పోతుంది. ఎక్కడైనా బదులు రాకపోతే మళ్లీ తడతారు. అప్పటికీ రాకపోతే ఒకరు ఆ తలుపు దగ్గరికి, ఇంకొకరు మెట్లు దిగి కిందికి పరుగెడతారు. కింద మెట్ల పక్క గదిలో సర్కారు పెట్టిన నర్సమ్మ ఉండేది.

చదువుకునే రోజుల్లో మా ఆవిడ పరిశోధన కోసం మూడో అంతస్తులో పిన్ని గదిలో సగం అద్దెకు తీసుకుంది. సొంత పిన్ని కాదు, ఉండగా ఉండగా పిన్ని అయింది. మిల్లులో దారం వడికే విభాగంలో పనిచేసి, ఒక్కత్తే బతుకుతున్న మనిషి. కొత్తలో ఆ చప్పుళ్లు విని మా ఆవిడ గోడలో ఎలుకలున్నాయనుకుంది. ఎలుకలు వరసలో చప్పుడు చేస్తాయా అని పిన్ని నవ్వి, సంగతి చెప్పింది. ఆ నవ్వులో పిన్నికి పళ్లు లేవు. ఆ పళ్లకు కొలతలు తీయడానికి వెళ్లి, నేను పెళ్లి కుదుర్చుకుని వచ్చాను. అందుకే పిన్ని నన్ను అల్లుడూ అంటుంది, నేను అత్తయ్యా అంటాను.

మా ఆవిడకు పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గురించి రాసిందో వాళ్లకే చదివి వినిపిస్తుంది. వాళ్లు వద్దన్నది అక్కడికక్కడే, వాళ్ల కళ్ల ముందే కొట్టేస్తుంది. తోటి పరిశోధకులు దీన్ని చాదస్తం అనేవాళ్లు. వరండాలో చాప వేసుకుని కూర్చుని ఆవిడ చదువుతుంటే అంతస్తంతా చుట్టూ చేరేది. క్రేన్ తాత గురక గోడలు దాటి వినిపిస్తుందని ఒకచోట రాసింది. "నాకు గురకేంటమ్మా, కొట్టెయ్యి," అన్నాడు తాత. ఆయన గురకకు నిద్రలేక చచ్చేవాళ్లు చుట్టూ పదిమంది ఉన్నా, ఆవిడ కొట్టేసింది. పిన్నికి ఈ పద్ధతి మహా ఇష్టం. చూడు, మనం చెబితే పుస్తకం మారుతుంది అని అందరికీ చెప్పుకునేది.

ఆ పుస్తకంలో ఒక వాక్యం ఉంది. "పలకరింపు ఉన్నచోట ఎవరూ ఒంటరిగా పడిపోరు." అది చదివినప్పుడు పిన్ని, "ఇది బాగుందే, ఉంచు," అంది. దాని వెనకే ఇంకో వాక్యం ఉంది. "కానీ పడిన మనిషిని లేపడం పలకరింపు వల్ల కాదు, అందుకు కింద ఒక గదీ, ఆ గదిలో పని తెలిసిన మనిషీ ఉండాలి." మొదటి వాక్యానికి కాళ్లొచ్చి లోకమంతా తిరిగింది. రెండోది పుస్తకంలోనే కూర్చుండిపోయింది.

తిరగడమంటే మామూలు తిరగడం కాదు. మా ఆవిడ పుస్తకం గురించి నలుగురు మాట్లాడితే అందులో ముగ్గురు దాన్ని చదవలేదని నేను పందెం కాస్తాను. ఒకాయన పుస్తకం చదివి వ్యాసం రాశాడు, ఇంకొకాయన ఆ వ్యాసం చదివి పుస్తకం రాశాడు, ఆ పుస్తకం వెనకున్న సారాంశం చదివి కుర్రకారు పట్టాలు పుచ్చుకున్నారు. చివరికి ఎవరో ఒక మహానుభావుడు 'పలకరింపు సూచిక' అని ఒకటి కనిపెట్టాడు. ఏ పేటలో ఇరుగుపొరుగు ఎంతగా పలకరించుకుంటారో లెక్కగట్టి మార్కులు వేస్తుంది అది. పలకరింపుకు మార్కులేమిటే అని నేను నవ్వితే, మా ఆవిడ ముఖం చిట్లించింది. కానీ ఆ సూచిక వేసినవాళ్లంతా ముందు పేజీలో ఆవిడ పేరు రాసేవాళ్లు. పేరు చూసుకుంటే ఎవరికి చేదు? ఆవిడ ఊరుకుంది. సభలకు పిలిస్తే వెళ్లేది. ఎక్కడెక్కడివాళ్లో క్వార్టర్స్‌కు వచ్చి పిన్ని గోడకు ఫొటోలు తీసుకుని పోయేవాళ్లు. "సున్నం వేసి చాలాకాలమైంది, ఆ పెచ్చు కనపడకుండా తియ్యి నాయనా," అనేది పిన్ని.

ఒకరోజు పొద్దున మేమిద్దరం పిన్నిని చూడడానికి వెళ్తే, మెట్ల దగ్గర గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. నేను కళ్లజోడు వెతుక్కుంటుండగానే మా ఆవిడ అది చదివేసింది. చదివి, నా చెయ్యి పట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో వీధిలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం నాకు గుర్తులేదు. పలకరింపు సూచిక ఎక్కువగా ఉన్న నివాసాల్లో నర్సు గదులు ఎత్తేస్తున్నారని అందులో ఉంది. కింద, ఇందుకు ఆధారం అంటూ మా ఆవిడ పేరు, పుస్తకం పేరు, ఆ వాక్యం.

నర్సమ్మ పైన పిన్ని గదిలో ఉంది. పిన్నికి ఏళ్ల తరబడి చక్కెర జబ్బు. చూపు మందగించింది, చేతులు వణుకుతాయి. రోజూ పొద్దున సూదిమందు నర్సమ్మే వేస్తుంది. ఆ రోజు కూడా వేసి, దూది పెట్టి అదిమి పట్టుకుని, మా ఆవిడ వైపు చూడకుండా మాట్లాడింది.

"వచ్చే నెల నుంచి నన్ను వేరే చోటికి వేశారమ్మా. పెద్దమ్మకి ఎవరైనా నేర్చుకుని వేస్తే బాగుంటుంది. టైలరమ్మకి చూపించాను గానీ, సూది చూస్తే ఆవిడకి కళ్లు తిరుగుతున్నాయి."

టైలరమ్మ అంటే పక్కగది ఆవిడ. పొద్దస్తమానం సూదితోనే పని, అయినా ఆ సూది వేరు, ఈ సూది వేరు.

"నువ్వు వెళ్లవు," అంది మా ఆవిడ. "నేను మాట్లాడతాను. రాసింది నేనే కదా."

"అదేగా నేనూ అంటున్నాను," అంది పిన్ని. "మా అమ్మాయి రాసిన పుస్తకం. అది చెబితే వినరా?"

ఆ మాట ఎంత ధీమాగా అందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ నోటీసు మీద సంతకం పెట్టిన అధికారి ఎవరో కాదు, మా ఆవిడ పాత విద్యార్థి. క్లాసులో ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని, ఆవిడ దగ్గినా రాసుకునేవాడట. ఇంట్లో మేము ముందుబెంచీ అని పిలుచుకునేవాళ్లం. ఆఫీసుకు వెళ్తే తలుపు దాకా ఎదురొచ్చాడు. నాకు తనే కుర్చీ లాగాడు. బల్ల మీద మా ఆవిడ పుస్తకం, దాని నిండా రంగు కాగితాల గుర్తులు.

"మీరు ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా మేడమ్. ఈ పుస్తకం చదివే నేను ఈ ఉద్యోగంలోకి వచ్చాను."

"ఆ తరవాతి వాక్యం చదివావా?" అంది మా ఆవిడ.

చదివాడు. చూడకుండా అప్పజెప్పాడు కూడా. చదవనివాడికి చదివి చెప్పొచ్చు, చదివినవాడికి ఏం చెబుతాం?

"అది ఆనాటి పరిస్థితి మేడమ్. ఆ తరవాత మీ భావన మీద ఎంత పని జరిగింది! సూచిక ఎక్కువున్న చోట ఆస్పత్రిపాలయ్యేవాళ్లు తక్కువని తేలింది."

"కింద నర్సు ఉంది కాబట్టి తక్కువ."

"సూచికలో నర్సు లేదు మేడమ్. ఉంటే చూసేవాళ్లమే."

ఆవిడ ఏదో అనబోయింది. అతను చేతులు జోడించినంత పని చేశాడు.

"ఉన్న నర్సులు కొద్దిమంది. మనిషి చచ్చి వాసనొచ్చేదాకా పక్కింటివాళ్లకి తెలియని పేటలున్నాయి. అక్కడికి పంపుతున్నాను. మీరైతే ఎక్కడికి పంపుతారు, చెప్పండి."

మా ఆవిడ ఎలా చెబుతుంది? ఆ పేటలనూ చూసిన మనిషి. అతను పోట్లాడితే బాగుండేది. బల్ల గుద్దితే, పొమ్మంటే, ఇంకా బాగుండేది. పైగా గురుభక్తితో ఇంకో మాట అన్నాడు.

"అచ్చయ్యాక రచన రచయితది కాదు, సమాజానిది అని మీరే చెప్పారు మేడమ్. నేను రాసుకున్నాను."

టీ తెప్పించాడు. పుస్తకం ముందుకు జరిపి, సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. బయటికొచ్చాక నాకు ఒళ్లు మండి, "సంతకం ఎందుకు పెట్టావు?" అని కసిరాను.

"పెన్ను చేతిలో పెట్టాడు," అంది. ఇంటికొచ్చేదాకా ఆ వేళ్లు చీర కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

మాటతో కానిది రాతతో చేస్తానంది. రాత పని ఆవిడకు తెలిసిన పని. కొన్ని వారాలు కూర్చుని, పలకరింపు గురించి లోకం ఎక్కడ పొరపాటు పడిందో విడమరచి ఒక వ్యాసం రాసింది. పెద్ద పత్రికకు పంపింది. ఈ పత్రికల్లో ఒక ఆచారం ఉంది. రాసిందెవరో చదివి తీర్పు చెప్పేవాళ్లకు తెలియనివ్వరు, తీర్పు చెప్పేదెవరో రాసినవాళ్లకు తెలియనివ్వరు. ఇద్దరి కళ్లకూ గంతలే. ఆవిడ వ్యాసంలోంచి తన పేరు తనే తీసేసి, "ఈ గ్రంథకర్త" అని తన గురించి తనే పరాయిదానిలా రాసుకుంది.

తీర్పు రావడానికి చలికాలం పోయి ఎండలొచ్చాయి. ఆ రోజు నేను అచ్చులో ప్లాస్టర్ పోస్తున్నాను. ఆవిడ వచ్చి పైకి చదివింది.

"ఈ వ్యాసకర్తకు పలకరింపు భావన మీద తగినంత పట్టు లేదు. మూలగ్రంథాన్ని ఒకసారి శ్రద్ధగా చదవవలసిందిగా సూచిస్తున్నాను."

నాకు నవ్వు ఆగలేదు. ప్లాస్టర్ గిన్నె పక్కన పెట్టి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. తరవాత వంటింట్లోకి వెళ్లి కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతూ నిలబడింది. నేను వెనకే వెళ్లి, "ఆ మూలగ్రంథం రాసింది నేనే అని చెప్పవే," అన్నాను.

"చెప్పాను," అంది. "సంపాదకుడు చాలా మర్యాదగా బదులిచ్చాడు. రచయిత తన రచనకు చెప్పే అర్థం కూడా ఉన్న అర్థాల్లో ఒకటేనట."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ ఊడింది ఆవిడ నాలుక. నోట్లోంచి మాట ఏది వచ్చినా, ఆ మొదటి వాక్యం దాన్ని మింగేసేది. ఒక పత్రికవాళ్లు వచ్చి మాట్లాడితే గంటసేపు నర్సుల గురించి చెప్పింది. అచ్చులో మాత్రం ఆవిడ ఫొటో కింద, పొరుగువాళ్ల మంచితనం గురించి ఈవిడ ఇప్పటికీ ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు అని ఉంది.

ఈలోపు నర్సమ్మ గదికి తాళం పడింది. పిన్నిని మా ఇంటికి వచ్చేయమని ఇద్దరం బతిమాలాం.

"ఇక్కడ గోడ తడితే పలుకుతారు," అంది పిన్ని. "మీ ఇంట్లో తడితే పక్కింటివాళ్లు పోట్లాటకొస్తారు. నేను రాను."

అందుకని మా ఆవిడ సూదిమందు వేయడం నేర్చుకుంది. ఉద్యోగం నుంచి విరమించాక కాస్త పొద్దెక్కేదాకా పడుకోవాలని ముచ్చటపడ్డ మనిషి, రోజూ మొదటి బస్సుకు పరుగెత్తేది. వెళ్లి, చక్కెర చూసి, మందు కొలిచి, పొడిచి, పిన్నికి ఏదైనా తినిపించి వచ్చేది. అక్కడున్న కాసేపట్లోనే మిగతా గదుల వాళ్లు ఆవిడనే అడగడం మొదలుపెట్టారు. నా కాలు వాచింది చూడమ్మా, ఈ మాత్ర దేనికమ్మా అని. ఆవిడకు తెలిస్తే కదా! సమాజం గురించి అడిగితే రోజంతా చెబుతుంది, వాచిన కాలు గురించి ఏం చెబుతుంది? తెలియదని చెప్పలేక, తెలుసనలేక, మింగలేక కక్కలేక ఉండేది.

అప్పుడే పక్క నగరంలో పెద్ద సభ ఒకటి వచ్చింది. నర్సు గదుల సంగతి తేల్చే పెద్దలందరూ వస్తారని, మొదటి ఉపన్యాసం ఆవిడదేనని పిలుపు. ఆ పిలుపు పట్టుకుని ఆవిడ నా ముఖంలోకి చూసింది.

"ఒక్క పొద్దు నువ్వు వెళ్తావా పిన్ని దగ్గరికి? వాళ్ల ముఖం మీదే చెప్పే అవకాశం మళ్లీ రాదు."

వెళ్తానన్నాను. కొలవడం, పొడవడం నారింజపండు మీద నాకు నేర్పించింది. నా చేతులు బాగానే ఉన్నాయి గానీ గుండెకే ధైర్యం చాలలేదు. పిన్నికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నా భయం పసిగట్టినట్టుంది. "నీకెందుకు అల్లుడూ ఈ శ్రమ," అని నవ్వింది. అక్కడితో ఊరుకుంటుందనుకున్నాను.

ఆ పొద్దున దారిలో రోడ్డు తవ్వేసి ఉంది. బస్సు చుట్టూ తిరిగి వెళ్లింది. నేను మూడో అంతస్తు ఎక్కేసరికి వరండాలో అందరూ పిన్ని తలుపు ముందు ఉన్నారు. నేను ఆలస్యం చేస్తున్నానని కాదు, నన్ను కష్టపెట్టకూడదని, పిన్ని చీకటి విడవకముందే లేచి సూదిమందు తనే వేసుకుంది. ఆ మసక కళ్లకు ఎంత కొలిచిందో ఏమో, ఎక్కువే వేసుకుంది. ఇదంతా తరవాత డాక్టరు చెబితే తెలిసింది. నేను వెళ్లేసరికి పిన్ని మంచం పక్కన నేల మీద ఉంది. ఒళ్లంతా చెమట, చీర తడిసిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను గుర్తుపట్టలేదు. ఏదో గొణుగుతోంది.

గోడ తన పని తాను చేసింది. అది చెప్పాలి. తాత తట్టాడు, టైలరమ్మ దాకా వచ్చింది, పిన్ని గది దగ్గర ఆగింది, ఆగిన వెంటనే అంతస్తంతా అక్కడుంది. అలవాటు కొద్దీ ఒకరు కిందికి కూడా పరుగెత్తి, నర్సమ్మ గది తాళం చూసి తిరిగొచ్చారట. అందరూ ఉన్నారు. ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు.

"టీలో పంచదార ఎక్కువేసి పట్టనా?" అంది టైలరమ్మ, గ్లాసు చేతిలో పట్టుకుని.

"చక్కెర జబ్బు మనిషికి తీపి పోస్తావా, చంపుతావా?" అన్నాడు క్రేన్ తాత.

అందరూ అవునన్నారు. వద్దు, వద్దు అన్నారు. టైలరమ్మ గ్లాసు వెనక్కి తీసుకుంది. వాళ్లంతా నా వైపు చూశారు, చదువుకున్నావిడ మొగుణ్ణి కదా. నాకూ అది సబబుగానే అనిపించింది. అంబులెన్సుకు ఫోన్ చేశాను, వస్తున్నామన్నారు. మా ఆవిడకు చేశాను, సభకు వెళ్లే దారిలో ఉన్నట్టుంది, కలవలేదు. నర్సమ్మకు చేశాను, ఎత్తలేదు. ఆ వేళకు ఆవిడ ఇంకెవరికో సూది వేస్తూ ఉంటుంది. పిన్ని గొణుగుడు ఆగిపోయింది, దవడ బిగుసుకుంటోంది. నాకు తెలిసిన పని ఒక్కటే. నోట్లో వేలు పెట్టి, నేను చేసిన పళ్లు జాగ్రత్తగా బయటికి తీశాను. తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నర్సమ్మ తిరిగి ఫోన్ చేసింది. సంగతి విని అరిచినంత పని చేసింది.

"పంచదార పెట్టండి బాబూ, చెంప లోపల రుద్దండి, చక్కెర పడిపోయింది ఆవిడకి."

టైలరమ్మ డబ్బా తెచ్చేలోపు అంబులెన్సు వాళ్లు మెట్లెక్కి వచ్చారు.

పిన్ని బతికింది. కానీ చక్కెర అంతసేపు పడిపోవడంతో మెదడుకు దెబ్బ తగిలిందన్నారు. కుడిచెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. మొదటే ఆ టీ పట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టరు చెబుతుంటే, టైలరమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. క్రేన్ తాత అసలు ఆస్పత్రి లోపలికే రాలేదు. గేటు బయట నిలబడి వెళ్లిపోయాడట.

మా ఆవిడ సభ నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. ఉపన్యాసం అయ్యాక అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. నేను అడగలేదు, తనే చెప్పింది, ఎవరినో తిట్టినట్టు చెప్పింది.

ముందుబెంచీ పూలు పట్టుకుని వచ్చాడు. దొంగ ఏడుపు కాదు, అతని కళ్లు నిజంగానే తడిశాయి. పిన్ని మంచం దగ్గర చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. వెళ్లబోతూ, మా ఆవిడను ఓదార్చాలనే అన్నాడు.

"ఒక్కటి మాత్రం చూడండి మేడమ్. గోడ ఆగిన వెంటనే అందరూ వచ్చారు. ఆవిడ ఒంటరిగా పడిపోలేదు. మీరు రాసిందే నిజమైంది."

అతని కాలర్ పట్టుకోవాలనిపించింది. కానీ నేను కూర్చున్న కుర్చీ అతనే వార్డంతా వెతికి తెచ్చింది. పూలు తీసుకుని నీళ్లలో పెట్టాను. ఆ ఏడు వాళ్ల నివేదికలో, పలకరింపు పనిచేసిన తీరుకు ఉదాహరణగా, పేరు చెప్పకుండా పిన్ని కథ వేశారు. కింద ఆధారం మళ్లీ మా ఆవిడే.

పిన్ని తన గదికే వెళ్తానంది. పగలు తోడుండడానికి ఒక మనిషిని పెట్టాం, పొద్దున సూది మా ఆవిడదే. ముఖం ఒకవైపు జారడంతో నా పళ్లు ఇప్పుడు కుదరడం లేదు. అరగదీశాను, మళ్లీ అచ్చు తీసి కొత్తవి చేశాను, లాభం లేకపోయింది. వాటిని నీళ్ల గిన్నెలో వేసి అలమరలో పెట్టాను. టైలరమ్మ గోడ అటువైపు తడితే, పిన్ని ఎడంచేత్తో మంచం పట్టె మీద ఒకటి వేస్తుంది. అవతలి గోడ ఆవిడకు అందదు. మేముంటే మేము తడతాం, లేకపోతే టైలరమ్మే లేచి అవతలి తలుపు దగ్గరికి వెళ్తుంది.

మొన్నొక పొద్దున సూది వేయడం అయ్యాక, పిన్ని అలమర వైపు చూపించింది. మా ఆవిడ నీళ్లనుకుంది, తువ్వాలనుకుంది. కాదు, పుస్తకం. అచ్చయిన రోజు మా ఆవిడ తెచ్చి ఇచ్చిన మొదటి ప్రతి, గుడ్డలో చుట్టి దాచుకుంది.

"ఆ మాట," అంది పిన్ని. ఒక్కో మాటకూ ఊపిరి పోగేసుకుంటోంది. "చదువు."

మా ఆవిడకు ఏ మాటో తెలుసు. పేజీ తీసింది. పూర్వం వరండాలో చదివినట్టే, నెమ్మదిగా చదివింది.

"పలకరింపు ఉన్నచోట ఎవరూ ఒంటరిగా పడిపోరు."

పిన్ని విని, కళ్లు మూసుకుని తెరిచింది.

"అప్పుడు... ఉంచమన్నాను. వద్దులే. కొట్టెయ్యి."

మా ఆవిడ నా వైపు చూసింది. ఇన్ని పత్రికలు, ఇన్ని సభలు, ఇన్ని దేశాల వాళ్ల పుస్తకాల్లోకి పోయిన వాక్యం. అది ఇక్కడ కొడితే అక్కడ పోదని పిన్నికి ఎలా చెప్పాలి? చెబుతుందేమోనని చూశాను. నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసుకుని నా జేబులోంచి పెన్ను తీసుకుంది. వాక్యం మీద ఒక గీత గీసింది. సరిపోదనుకుందేమో, దాని మీదే ఇంకోసారి గీసింది. కాగితం చిరిగింది.

"చూపించు," అంది పిన్ని.

పుస్తకం ఆ మసక కళ్లకు దగ్గరగా పెట్టింది. పిన్ని ఎడంచేతి వేలితో ఆ గీత తడిమి చూసింది.

"గట్టిగా కొట్టావా?"

"కొట్టాను పిన్నీ."

పిన్ని దిండు మీద తల వాల్చింది. ఎన్నో రోజుల తరవాత ముఖంలో నిమ్మళం కనిపించింది.

"అయితే వస్తుందిలే... నర్సమ్మ," అంది. "గొళ్లెం... పెట్టకు."

మా ఆవిడ లేచి వెళ్లి, తలుపు గొళ్లెం తీసి, దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.